చల్లదనం ఎవరి ఖాతాలో?

కలకత్తా తెల్లదొరలకు బీరు లండన్ నుంచి వచ్చేది. దాన్ని చల్లబరిచే మంచు మాత్రం అమెరికా నుంచి రావాల్సి వచ్చింది. 1833 మే నెలలో ‘టస్కనీ’ అనే ఓడ 180 టన్నుల మంచుగడ్డలతో బోస్టన్‌లో బయల్దేరింది. పొట్టు, ఎండుగడ్డి కప్పుకున్న ఆ సరుకు భూమధ్యరేఖను రెండుసార్లు దాటింది. సెప్టెంబరులో హుగ్లీ నదికి చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. తక్కినదంతా దారిలోనే నీరైపోయింది.

అయినా నగరం పండగ చేసుకుంది. మంచుకు సుంకం మినహాయించారు, రాత్రిపూట దించుకోవడానికి అనుమతించారు. నిల్వ చేసే గిడ్డంగికి జనం చందాలిచ్చారు. మంచు తెచ్చిన రోజర్స్‌కు గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ బంగారు పూత పూసిన వెండి కప్పు బహూకరించారు. కాఫీ వ్యాపారంలో అప్పులపాలైన మంచు వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ మళ్లీ నిలదొక్కుకున్నది చాలావరకు కలకత్తా లాభాలతోనే.

అంతకుముందు ఈ పని ఆబ్దార్‌ది. నీళ్లలో సురేకారం కరిగితే అది చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. ఆ నీళ్లలో సీసాను తిప్పుతూ కూర్చోవడమే ఈ నౌకరు కొలువు. దొర గ్లాసు చల్లగా ఉండాలంటే ఆబ్దార్ చెమటోడ్చాల్సిందే.

ఇప్పుడు ఆ పని పెట్టెలాంటి డీప్ ఫ్రీజర్ చేస్తుంది. 1978 నాటి చట్టంతో ఇంట్లో బీరు కాచుకోవడానికి దారి దొరికిన అమెరికాలో దీన్ని మార్చి వాడుకునేవారు ఎందరో. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచితే బీరు గడ్డకట్టి పీపా పాడవుతుంది. అందుకే బయట ఒక థర్మోస్టాట్ తగిలిస్తారు. లోపల 3, 4 డిగ్రీలకు రాగానే అది కరెంటు ఆపేస్తుంది. మూత పైకి తెరుచుకుంటుంది కాబట్టి, బరువైన చల్లగాలి బయటికి పొర్లిపోకుండా అడుగునే ఉంటుంది. చల్లటి బీరులో గ్యాస్ బాగా కరుగుతుంది, నురగ అదుపులో ఉంటుంది. కోల్‌కతాలో ఈ సరదాకు మొదటి అడ్డు ఎక్సైజ్ చట్టం: లైసెన్సు లేకుండా బీరు కాయకూడదు. రెండోది గాలిలోని తేమ. మూత తెరిచిన ప్రతిసారీ అది లోపలికి వెళ్లి, నీరై, అడుగున మడుగు కడుతుంది.

అసలు సంగతి వేరే ఉంది. ఫ్రీజర్ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని తోడి గదిలో పోస్తుంది. దాని కంప్రెసర్ వాడే కరెంటు కూడా చివరికి వేడిగానే మారి ఆ గదిలో చేరుతుంది. పీపా చల్లబడుతున్న కొద్దీ పెట్టె పక్కగోడలు వెచ్చబడేది అందుకే. ఏసీ పద్ధతీ ఇదే. గదిలో మనిషికి హాయి, కిటికీ కింద ఫుట్‌పాత్ మీద దుకాణం పెట్టుకున్నవాడికి సెగ. జ్యేష్ఠ మాసపు కోల్‌కతాలో ఈ తేడా చెప్పడానికి థర్మామీటర్ అక్కర్లేదు.

1878లో బెంగాల్ ఐస్ కంపెనీ యంత్రాలతో మంచు తయారుచేయడం మొదలెట్టాక బోస్టన్ ఓడలకు కాలం చెల్లింది. కలకత్తా గిడ్డంగిని 1882లో కూల్చేశారు. చెన్నైలో ట్యూడర్ కట్టించిన ఐస్ హౌస్ మాత్రం వివేకానంద స్మారకంగా నిలిచింది. 1897లో స్వామీజీ అక్కడ బస చేశారు మరి.

బోస్టన్ మంచు మోసుకొచ్చిన చల్లదనానికి ఒక నిజాయితీ ఉండేది. ఎంత కరిగిందో ఓడలో కనిపించేది, ఎవరు తిప్పారో ఆబ్దార్ చేతులు చెప్పేవి. ఇప్పటి బిల్లులో యూనిట్లు మాత్రమే కనిపిస్తాయి. వీధిలోకి వెళ్లిన వేడి ఏ లెక్కలోకీ రాదు. దాన్ని కట్టేది ఎప్పుడూ గ్లాసు పట్టుకున్నవాడు కాదు.