దోషి ఎవరు?

ఇంట్లో ఒక వస్తువు చెడిపోతే మనం మొదట వెదికేది కారణాన్ని కాదు, మనిషిని. గడియారం ఆగితే దానిని చివరిసారి ముట్టుకున్నవాడే దోషి. ఈ దురలవాటు మాకూ ఉన్నదని, అది ఒక నిరపరాధిని ఎంత బాధించగలదో 2024వ సంవత్సరం నవంబరు నెలలో మా ఇంటి కంప్యూటరు మాకు తెలియజెప్పింది. ఆ అనుభవం తోటి విద్యార్థులకు కూడా కొంత ఉపయోగపడుతుందన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా ఇంటిల్లిపాదికీ ఉన్నది ఒకే కంప్యూటరు. 2017లో కొన్నాము. ఉదయం అబ్బాజాన్ దానిలో ఉర్దూ దినపత్రిక చదువుతారు. పగలు మేము అక్కాచెల్లెళ్ళం ఇద్దరం తెలుగు నిఘంటువులు, కళాశాల పాఠాలు చూచుకుంటాము. సాయంత్రం ఒక గంటసేపు తమ్ముడు చదరంగం ఆడుకుంటాడు. ఇన్ని పనులకూ ద్వారం బ్రౌజరు ఒక్కటే. ఆ ద్వారమే ఒకనాటి రాత్రి మా ముఖాన మూసుకొనిపోయింది.

ఉపకార వేతనపు దరఖాస్తుకు అప్పటికి ఐదు రోజుల గడువు మాత్రమే ఉన్నది. పేరు, మార్కులు, ఆదాయ ధ్రువపత్రపు సంఖ్య అన్నీ నింపి, ఛాయాచిత్రం జతపరచబోయేసరికి బ్రౌజరు ఏ హెచ్చరికా లేకుండా తెరమీదినుండి మాయమైంది. మళ్ళీ తెరిచాము, మళ్ళీ నింపాము, మళ్ళీ మాయమైంది. ఆ రాత్రి నాలుగుసార్లు ఇదే వరస. ఆ సొమ్ము రాకపోతే ఆ యేటి ఫీజు ఎలా కట్టాలన్నది ఇంట్లో ఎవరూ పైకి అనని ప్రశ్న.

రెండు రోజుల క్రితం తమ్ముడు స్నేహితుని పెన్ డ్రైవ్ తెచ్చి కంప్యూటరుకు పెట్టిన సంగతి మాకు చప్పున గుర్తుకు వచ్చింది. అంతే, విచారణ లేకుండానే తీర్పు చెప్పేశాము. వాడేదో ఆట ఎక్కించాడనీ, దానితో వైరస్ వచ్చిందనీ నిర్ణయించాము. “నేనేమీ చేయలేదు ఆపా” అన్నాడు వాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లున్నదని వెక్కిరించాము. వాడు ఆ తరువాత ఆ గదిలోకి రాలేదు. అన్నం దగ్గర కూడా తల ఎత్తలేదు.

ఇక మరమ్మతు మొదలుపెట్టాము. ముందుగా వైరస్ పరీక్ష జరిపాము. ఏమీ దొరకలేదు. మా తీర్పు అక్కడనే కదలవలసింది, కాని కదలలేదు. తరువాత కంప్యూటరును ఆపి మళ్ళీ నడిపాము, బ్రౌజరును కొత్త రూపానికి అప్‌డేట్ చేశాము, నిలవ ఉన్న పాత పుటల కాష్‌ను తుడిచివేశాము, సెట్టింగులన్నీ మార్చివేశాము. అన్నీ ఒకే గంటలో చేశాము. ఫలితం శూన్యం సరిగదా, ఏది మార్చినందువలన ఏమైనదో మాకే తెలియకుండా పోయింది.

రెండవనాడు ఒక నోటుపుస్తకం తీసి మూడు గడులు గీశాము: ఒక మార్పు, ఒక పరీక్ష, ఒక ఫలితం. మొదటి అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీద. ఇవి బ్రౌజరులో కాపురముండే చిన్న ప్రోగ్రాములు. వీటిలో ఒకటి చెడినా ఇల్లంతా కదిలిపోవచ్చు. వాటినన్నిటినీ ఆపివేశాము. క్రాష్ ఆగలేదు. కొత్త ప్రొఫైలు తయారుచేసి చూశాము. ఆగలేదు. బొమ్మలు గీసే పనిని గ్రాఫిక్స్ భాగానికి అప్పగించే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనే ఏర్పాటును తీసివేశాము. అదీ నిర్దోషియే.

ఇక్కడ ఒక విషయం మాకు తోచింది. 2008లో క్రోమ్ వెలువడినప్పుడు, తెరిచిన పుటలను వేరువేరు ప్రాసెస్‌లుగా నడిపే పద్ధతితో వచ్చింది. ఒక పుట కూలినా తక్కినవి నిలబడాలన్నది దాని ఉద్దేశం. 2016లో ఫైర్‌ఫాక్స్ కూడా ఆ దారి పట్టింది. మరి మా ఇంట కూలుతున్నది ఒక పుట కాదు, యావత్తు బ్రౌజరు. వేరొక సంస్థ వారి బ్రౌజరును తెచ్చి పెట్టాము. అదీ కూలింది. పక్కపక్కనున్న రెండు ఇళ్ళూ ఊగుతున్నాయంటే లోపం గోడలలో ఉండదు, నేలలో ఉంటుంది.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే దినచర్య పుస్తకం వంటిది ఒకటున్నది. ఏ ప్రోగ్రాము ఎప్పుడు, ఏ భాగం వద్ద కూలినదో అందులో నమోదవుతుంది. మూడవనాడు దానిని తెరిచి చూశాము. ప్రతిసారీ ఒక్కొక్క భాగం పేరు! ప్రోగ్రాములో తప్పు ఉంటే తరచు ఒకే చోట పట్టుబడుతుంది. రోజుకొక చోట కనబడే తప్పు యంత్రంలోనే ఉండవచ్చునని అనుమానించాము. విండోస్‌లోనే ఉన్న మెమరీ పరీక్షను ఆ రాత్రి నడిపాము. తెల్లవారి చూస్తే హార్డ్‌వేర్ లోపం కనుగొన్నట్లు ఫలితం వచ్చింది.

ర్యామ్ అనేది కంప్యూటరు పని చేసుకునే పలక వంటిది. సున్నలు, ఒకట్లు వ్రాసుకునే కోట్లాది గడులు అందులో ఉంటాయి. ఒక్క గడి చెడి, ఒకటిని సున్నగా చదివించినా చాలు, ప్రోగ్రాము దారి తప్పవచ్చు. పనులు ఎక్కువైనకొద్దీ ఆ చెడ్డ గడి వాడుకలోకి వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే ఛాయాచిత్రం జతపరచేవేళకే మా ప్రయత్నం కూలుతూ వచ్చింది.

మా కంప్యూటరులో 4 జీబీల ర్యామ్ ముక్కలు రెండున్నాయి. కరెంటు తీగ ఊడదీసి, ఒంటిలోని స్థిర విద్యుత్తు పోయేందుకు లోహపు పెట్టెను తాకి, రెంటినీ బయటకు తీశాము. వాటి అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్ళీ పెట్టి చూశాము. ప్రయోజనం లేదు. అప్పుడు ఒక్కొక్క ముక్కనే ఉంచి పరీక్షించాము. మొదటిది నెగ్గింది. రెండవది తప్పింది. దోషి దొరికింది.

మిగిలిన 4 జీబీలతో కంప్యూటరు మందకొడిగా నడిచింది, కాని కూలలేదు. గడువుకు ఒక్క రోజు మిగిలి ఉండగా దరఖాస్తు అందినట్లు సంఖ్య వచ్చింది. అమ్మీజాన్ ఆ సంఖ్యను క్యాలెండరు మీద వ్రాసిపెట్టారు.

తరువాత తమ్ముని దగ్గరకు వెళ్ళి మా తప్పు ఒప్పుకున్నాము. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు ఆ చెడిన ర్యామ్ ముక్క తనకిమ్మని అడిగి జామెట్రీ పెట్టెలో దాచుకున్నాడు. ఎందుకురా అంటే, “సాక్ష్యం” అన్నాడు.

సోదర సోదరీ విద్యార్థులారా! మీ కంప్యూటరు మొరాయిస్తే ముందుగా మీ పత్రాలను వేరొక చోట భద్రపరచుకోండి. చెడిన ర్యామ్ ఫైళ్ళను కూడా చెరపగలదు. దరఖాస్తులను చివరి దినాల దాకా ఉంచకండి. ఒకసారి ఒక్క మార్పే చేసి, ఫలితం వ్రాసుకోండి. యంత్రంలోని ఒక ముక్కను దోషి అనడానికి మేము ఎన్నో పరీక్షలు చేశాము. మాతో ఒకే కంచం దగ్గర పెరిగిన పిల్లవానిని దోషి అనడానికి ఒక్క పరీక్షయినా చేయలేదు. ఆ జామెట్రీ పెట్టె కనబడినప్పుడల్లా మాకు ఈ మాట గుర్తుకు వస్తూనే ఉన్నది.