మా ఊరి బొగ్గులో దక్షిణ ధ్రువం ఆకు

కొత్తగూడెం వెళ్లాలంటే సికింద్రాబాద్‌లో రైలెక్కి ‘భద్రాచలం రోడ్’ అనే స్టేషన్‌లో దిగాలి. ఊరి పేరు ఒకటి, స్టేషన్ పేరు ఇంకొకటి. మొదటిసారి వచ్చిన భక్తులు ప్లాట్‌ఫాం మీద బ్యాగులు దించి ‘గుడి ఎటు?’ అని అడగడం, గుడి ఇంకో నలభై కిలోమీటర్లుందని తెలిసి మొహమొహాలు చూసుకోవడం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నా.

ఈసారి నేను దిగింది మాత్రం ఒక రాయి కోసం.

నాన్న బొగ్గుబాయిలో సపోర్ట్‌మెన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు, బోల్టులు పెట్టే పని. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు షిఫ్టు దిగి వస్తూ టిఫిన్ డబ్బాతో పాటు అరచేయంత నల్ల రాయి తెచ్చారు. దాని మీద ఒక ఆకు. గీసిన బొమ్మ కాదు, అచ్చంగా ఆకే. నాలుక ఆకారంలో, మధ్యలో లావుపాటి ఈనె, అటూఇటూ వలలాగా సన్నటి ఈనెలు. ‘ఆకురాయి’ అన్నారు నాన్న. దాన్ని స్కూల్ సైన్స్ ఎగ్జిబిషన్‌లో పెట్టా. సెకండ్ ప్రైజుగా స్టీల్ గిన్నె ఇంటికొచ్చింది, రాయి రాలేదు. బీరువాలో ఉంది, రేపిస్తాం అన్నారు. ఆ రేపు ఇప్పటికీ రాలేదు.

వచ్చే నెలాఖరుకు నాన్న రిటైర్మెంట్. క్వార్టర్ ఖాళీ చేసి హైదరాబాద్ వచ్చేస్తున్నారు. సామాన్లు సర్దడానికి రమ్మని అమ్మ ఫోన్ చేసింది. నాకు మొదట గుర్తొచ్చింది ఆ రాయే. ఎందుకంటే ఇంజనీరింగ్ అయ్యాక, ఉద్యోగంలో చేరాక, ఒకరాత్రి ఏదో డాక్యుమెంటరీ చూస్తూ కూర్చుంటే తెరమీద మా ఆకురాయి కనబడింది. అయితే అది కొత్తగూడెంలో లేదు. అంటార్కిటికాలో ఉంది!

ఆ ఆకు పేరు గ్లాసోప్టెరిస్. దాదాపు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటి చెట్టుది. డైనోసార్ల కంటే ముందు కాలం. మా గోదావరి లోయ బొగ్గులో చాలా భాగం ఆ చెట్లు, వాటి ఆకులు బురదలో పడి పోగుపడిందే. 1912 జనవరిలో కెప్టెన్ స్కాట్ బృందం దక్షిణ ధ్రువం చేరింది. తిరుగు దారిలో, ఫిబ్రవరిలో, బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన కొండల్లో రాళ్లు ఏరుకున్నారు. తిండి అయిపోతోంది, కాళ్లు మంచుకు చచ్చుబడుతున్నాయి. అయినా ఆ సుమారు 16 కిలోల రాళ్లని పారేయలేదు. అందరూ దారిలోనే చనిపోయారు. ఆ నవంబరులో వెతుక్కుంటూ వెళ్లిన వాళ్లకి శవాలతో పాటు ఆ రాళ్లూ దొరికాయి. వాటిలో ఈ గ్లాసోప్టెరిస్ ఆకులున్నాయి. ఆ పేజీ చదివినప్పుడు నాన్న టిఫిన్ డబ్బా గుర్తొచ్చింది నాకు.

అదే 1912 జనవరిలో జర్మనీలో ఆల్ఫ్రెడ్ వెగెనర్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఒక సభలో, ఖండాలు ఒకప్పుడు కలిసే ఉండేవనీ, తర్వాత విడిపోయి జరుగుతూ వచ్చాయనీ చెప్పాడు. భారత్‌లో, దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో ఒకే ఆకు ఎలా ఉంటుంది? మధ్యలో మహాసముద్రాలున్నాయి కదా! ఖండాల మధ్య నేల వంతెనలు ఉండేవి, అవి మునిగిపోయాయి అని అప్పటి పెద్దలు సర్దిచెప్పారు. ఖండాలను ఏ బలం జరుపుతోందో వెగెనర్ కూడా సరిగా చెప్పలేకపోయాడు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయేదాకా ఆయన మాట ఎక్కువమంది నమ్మలేదు.

కానీ వంతెన కథకి అస్సలు లొంగని సాక్ష్యం ఒకటుంది. అదే నాకు బాగా నచ్చింది. మంచు.

కొత్తగూడెం ఎండ గురించి తెలిసినవాళ్లు ఇక్కడ నవ్వుతారు. మే నెలలో మా క్వార్టర్ గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే. అలాంటి గోదావరి లోయలో బొగ్గు పొరల కింద ఇంకో పొర ఉంది, తాల్చేర్ పొర. ఒడిశాలోని తాల్చేర్ దగ్గర 1856లో జియాలజిస్టులు మొదట గుర్తించారు కాబట్టి ఆ పేరు. సన్నటి బురద, అందులో ఎక్కడెక్కడివో పెద్ద పెద్ద బండరాళ్లు. నీరు పారితే బరువును బట్టి రాళ్లని, బురదని వేరు చేసి పరుస్తుంది. ఇలా అన్నీ కలిపి కుమ్మరించేది కరిగే హిమానీనదమే. ఇంకా చూడాలంటే మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో పెన్‌గంగ ఒడ్డున ఇరాయ్ ఊరి దగ్గర సున్నపురాయి మీద గీతలున్నాయి. మంచు తన అడుగున రాళ్లని ఈడ్చుకుంటూ పోతే పడే గీతలు. ఆ నీళ్లు వార్ధా, ప్రాణహితల మీదుగా మన గోదావరిలోకే వస్తాయి.

అదే కాలంలో యూరప్‌లో, ఉత్తర అమెరికాలో ఉక్కపోత అడవులు. అంటే భూమి మొత్తం గడ్డకట్టలేదు. మనమే వేరే చోట ఉన్నాం, దక్షిణ ధ్రువానికి దగ్గర్లో. మంచు కరిగింది, చలి తగ్గని ఆ చిత్తడి నేలలో గ్లాసోప్టెరిస్ అడవి లేచింది, అది బొగ్గయింది. ఆ బొగ్గుతో మా ఇంట్లో జీతం వచ్చింది, నా కాలేజీ ఫీజు కట్టారు.

ఆ పాత మహాఖండానికి గోండ్వానా అని పేరు. గోండుల నేల అని అర్థం. ఆస్ట్రేలియా, అంటార్కిటికా, ఆఫ్రికా అన్నీ కలిపిన నేలకి మన అడవి మనుషుల పేరు పెట్టారని మా స్కూల్లో ఒక్కరూ చెప్పలేదు. అక్కడ పక్క బెంచీలో కోయ పిల్లలే కూర్చునేవాళ్లు.

మర్నాడు పొద్దున నాన్న బండి మీద ఇల్లందు వెళ్లాం. అక్కడివాళ్లకి అది బొగ్గుట్ట. 1871లో విలియం కింగ్ అనే జియాలజిస్టు ఈ చుట్టుపక్కలే బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. దారిలో నాన్నకి ఇదంతా చెప్పా, అంటార్కిటికా దాకా. గాలికి సగం వినబడిందో లేదో. టీ కొట్టు దగ్గర బండి ఆపి అడిగారు:

“ఆ ఆకు కోసం వాళ్లు ప్రాణాలు పోతున్నా రాళ్లు మోసిండ్రా?”

“అవును నాన్నా.”

“మేమైతే ఆకు కనబడితే ఎనక్కి జరిగేటోళ్లం బిడ్డా.”

నాకర్థం కాలేదు. టీ గ్లాసు కింద పెట్టి చేత్తో చూపించారు. ఆకులుండే రాయి పొరలు పొరలుగా ఉంటుందట, పుస్తకంలో కాగితాల్లాగా. అది పైకప్పులో ఉంటే ఏ పొర ఎప్పుడు ఊడుతుందో తెలియదు. అందుకే లోపలికి పోగానే రాడ్డుతో తట్టి వింటారు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే డొల్ల శబ్దం. డొల్లగా మోగితే అందర్నీ పక్కకి పంపి, ముందు దుంగ నిలబెట్టాలి. ఒకసారి తట్టి, విని, ఒక్క అడుగు వెనక్కి వేశారట. ఆ అడుగు ఉన్న చోట పలక పడింది. ముక్కల్లో ఒకటి ఏరి నాకు తెచ్చారు.

సైన్స్ ఎగ్జిబిషన్‌లో పెట్టింది అదన్నమాట. అప్పుడెందుకు చెప్పలేదు అంటే, “చెప్తే మీ అమ్మ డ్యూటీకి పోనిస్తదా?” అన్నారు.

కాసేపు ఏం మాట్లాడాలో తోచలేదు. నేనే టాపిక్ మార్చి, ఇప్పుడు శాస్త్రవేత్తలు దీన్ని నమ్ముతున్నారా అంటే ఎందుకు నమ్ముతున్నారో చెప్పా. సముద్రం అడుగున అయస్కాంత పట్టీలు దొరికాయి. అడుగు చీలి, లావా వచ్చి చల్లబడుతూ అప్పటి అయస్కాంత దిక్కుని రికార్డు చేసుకుంటుంది. 1963లో వైన్, మాథ్యూస్ అనే ఇద్దరు దాన్ని వివరించింది మన అరేబియా సముద్రం వైపున్న కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ మీద కొలిచిన డేటాతోనే. ఇక ఇప్పుడు నమ్మడం దాకా ఎందుకు, జీపీఎస్‌తో కొలిచేస్తున్నారు. రోజూ ఆఫీసుకెళ్తూ నేను దాటే ఎన్‌జీఆర్‌ఐ మెట్రో స్టేషన్ ఉంది చూడండి, ఆ సంస్థ ఆవరణలోనే అలాంటి జీపీఎస్ కేంద్రం ఉంది. హైదరాబాద్ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యం వైపు జరుగుతోంది. గోళ్లు పెరిగే వేగం కంటే కాస్త ఎక్కువ. ఆస్ట్రేలియా అయితే ఇంకా స్పీడు. 1994 నాటి లెక్కకీ 2020 లెక్కకీ 1.8 మీటర్లు తేడా వచ్చి మ్యాపుల కోఆర్డినేట్లే మార్చుకున్నారు. మాలాంటి వాళ్లకి అదొక డేటా మైగ్రేషన్, తలనొప్పి.

“అంటే నేను పుట్టినకాడి నుంచి మూడు మీటర్లు పోయిన్నన్నమాట,” అన్నారు నాన్న. “టికెట్ లేకుంట.”

2024 డిసెంబర్ 4 పొద్దున భూమి కదిలినప్పుడు ఆయన ఇంట్లో ఉన్నారు. ములుగు దగ్గర 5.3 తీవ్రత. హైదరాబాద్‌లో మా ఫ్లాట్స్ గ్రూపులో వందల మెసేజ్‌లు. గోదావరి లోయే ఒక పాత పగులు. గోండ్వానా లాగబడుతున్నప్పుడు నేల కుంగి ఏర్పడిన పొడవాటి గాడి, అందుకే అక్కడ బొగ్గు చెక్కుచెదరకుండా మిగిలింది. మన పలక ఉత్తరాన హిమాలయాలను నెడుతున్న ఒత్తిడికి ఇలాంటి పాత పగుళ్లు అప్పుడప్పుడూ కదులుతాయి. 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది కూడా ఈ లోయలోనే, 5.7. డిసెంబర్ రోజున నాన్న చేసిన మొదటి పని ఏంటంటే, అమ్మని బయటికి పంపి, లోపలికొచ్చి వేళ్లతో గోడ తట్టి చూడటం.

టీ కొట్టు వెనక, మూతపడిన పాత బాయి దారిలో గుంతలు పూడ్చడానికి బాయి రాళ్లే పోశారు. నాన్న బండి టూల్‌కిట్‌లోంచి స్పానర్ తీశారు. రాయిని నిలబెట్టి అంచు మీద కొడుతుంటే పలకలు విడిపోతున్నాయి. మొదటి మూడింట్లో ఏం లేదు. నాలుగోదాంట్లో సగం ఆకు. కొన తెగిపోయింది, నడి ఈనె మాత్రం స్పష్టంగా ఉంది.

పేపర్లో చుట్టి ఇంటికి తెస్తే అమ్మ చూసి, “ఉన్న సామానే లారీ పట్టేట్టు లేదు, మళ్లీ రాళ్లా?” అంది. ల్యాప్‌టాప్ బ్యాగులో చార్జర్ తీసి చేతిలో పట్టుకుని, ఆ జాగాలో పెట్టుకున్నా.