ముసవ్విర్ జంగ్ జనానా స్టూడియో

అమీర్‌పేట, పంజాగుట్ట. రెండు పేర్లూ చెరి సగం. అమీర్ ఉర్దూ, పేట తెలుగు. పంజా ఉర్దూ, గుట్ట తెలుగు. మన ఇళ్లల్లో మాట్లాడుకునే జబాన్ లాగే ఉంటాయి ఈ పేర్లు. పైగా ఖాన్‌దాన్ నవాబు అమీర్-ఎ-కబీర్ వల్లనే అమీర్‌పేటకు ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్తారు. ఇప్పుడక్కడ నవాబులు లేరు. కోచింగ్ సెంటర్లున్నాయి, హాస్టళ్లున్నాయి, మెట్రో జంక్షన్ ఉంది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్కటే స్టేషన్. ఎప్పుడైనా ఆ దూరం నడిచి వెళ్తే ఒకసారి తల ఎత్తి చూడండి. నగల దుకాణం హోర్డింగ్ మీద ఒక హీరోయిన్. చీరల షోరూం మీద ఇంకో హీరోయిన్. బొటిక్ అద్దం వెనక లెహంగాలో దులన్. దుకాణం పేరు కనిపిస్తుంది, ఫోన్ నంబరు కనిపిస్తుంది, హీరోయిన్ పేరు చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. ఆ తస్వీర్ తీసినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా ఉండదు. వెలుగు ఏ చెంప మీద పడాలో, దుపట్టా అంచు ఎంత జారాలో, జరీ మెరవాలంటే లైటు ఎంత పక్కకు జరగాలో పొద్దంతా నిలబడి చూసుకున్నది వాళ్లే.

ఈ బస్తీకి తస్వీర్ల ధంధా కొత్తది కాదు. సారథి స్టూడియో ఇక్కడే ఉంది. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన మొదటి తెలుగు సినిమాగా చెప్పుకునే ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో అక్కడి నుంచే వచ్చింది. సినిమా ఉన్నచోట స్టిల్ ఫోటోగ్రాఫర్లుంటారు, వేషాల కోసం వచ్చే పిల్లలుంటారు, వాళ్లకు పోర్ట్‌ఫోలియో తీసిపెట్టే చిన్న చిన్న స్టూడియోలుంటాయి.

అలాంటి ఒక స్టూడియో నుంచి మా ఆపా బిడ్డకు పిలుపు వచ్చింది. డిగ్రీ పూర్తయినప్పటి నుంచి రెండేళ్లుగా ఆ పిల్ల మన షాదీల్లో జనానా వైపు ఫోటోలు తీస్తోంది. ఆ పని చూసిన ఒక కమర్షియల్ ఫోటోగ్రాఫర్, పంజాగుట్ట గల్లీలో తన స్టూడియోకి అసిస్టెంట్‌గా రమ్మన్నాడు. బట్టల కేటలాగులు, యాక్టర్ల పోర్ట్రైట్లు, నగల యాడ్లు. నెలకు 12,000. వారంలో జవాబు చెప్పాలి.

ఇంట్లో బైఠక్ పెట్టారు. దూల్హాభాయి మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. “షాదీల్లో తీస్తే అందరూ మనోళ్లే, ఆడోళ్లే. ఈ మోడళ్లు, యాక్టర్లు, రాత్రి పొద్దుపోయేదాక షూటింగులు... రేపు రిష్తా తెచ్చినోళ్లకు నేనేం చెప్పాలె? బీఈడీ చేసి టీచరైతే ఇజ్జత్ ఉంటది, తన్‌ఖా ఉంటది” అన్నాడు. ఆపా నా వైపు తిరిగింది. “నువ్వు అఖ్బార్‌ల పని చేస్తవు గదా, జర దానికి సమ్‌జాయించు.” సమ్‌జాయించడమంటే మాన్పించమని.

పిల్ల మాత్రం ఒక్క మాటే అంది. “మామూ, మన ఖాన్‌దాన్‌ల ఎవరూ చెయ్యలేదంటే సరే. మన షహర్‌ల ఎవరూ చెయ్యలేదంటే మాత్రం నేను ఒప్పుకోను.”

ఆ మాట మీదే నేను వాళ్లకు లాలా దీన్‌దయాళ్ కథ చెప్పాను. ఇక్కడా అదే చెప్తున్నాను. మన చాలా ఇళ్లల్లో నిజాం తస్వీర్ గోడ మీద ఉంటుంది, తీసినవాడి పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు.

దీన్‌దయాళ్ 1844లో మేరఠ్ దగ్గర సర్ధనాలో ఒక జైన్ ఖాన్‌దాన్‌లో పుట్టాడు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివాడు. ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ మహక్మాలో నక్షాలు గీసే నౌకరీ. ముప్ఫై ఏళ్ల వయసులో షౌక్ కొద్దీ కెమెరా పట్టాడు. ఆ షౌక్ ఎంతదాకా పోయిందంటే, చివరికి సర్కారీ నౌకరీ వదిలేశాడు. ఈ ముక్క దూల్హాభాయి ముందు కొంచెం మెల్లగానే చెప్పాను. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారుకు ఫోటోగ్రాఫర్ అయ్యాడు.

ఇప్పుడు మనం సెలబ్రిటీ ఫోటోగ్రఫీ అంటున్నదంతా ఆయన అప్పుడే చేశాడు. పైగా అమీర్లు సర్ ఆస్మాన్ జా, సర్ వికారుల్ ఉమరా, ఇద్దరూ రియాసత్‌కు దీవాన్లుగా పనిచేసినవాళ్లు, ఆయన కెమెరా ముందు కూర్చున్నారు. 1893లో ఆస్ట్రియా షహజాదా ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాద్ వచ్చినప్పుడు తస్వీర్లు ఆయనవే. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర పులిని కొట్టి భార్యతో కలిసి దాని వెనక నిలబడ్డ ఫోటో కూడా ఆయన స్టూడియోదే. 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో పెట్టాడు. మరుసటి ఏడు విక్టోరియా మలికా నుంచి రాయల్ వారంట్ వచ్చింది. 1905లో కన్నుమూశాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దగ్గర భద్రంగా ఉన్నాయి. 2006లో ఆయన పేర తపాలా బిళ్ల కూడా వచ్చింది.

ఆ తస్వీర్లు ఈరోజు ఫ్యాషన్ పుస్తకాల్లా కూడా పనికొస్తాయి. దస్తార్ ఎలా చుట్టేవారు, షేర్వానీ ఎంత పొడుగు, నడుముకు బగ్లూస్ ఎక్కడ బిగించేవారు, అన్నీ వాటిల్లో కనిపిస్తాయి. కానీ రంగుల విషయంలో వాటిని నమ్మడానికి లేదు. ఆ కాలపు ప్లేట్లకు నీలం తెల్లగా కనిపించేది, ఎరుపు నల్లగా పడేది. ఒక పాత ఫోటోలో ఎవరో నల్ల కపడా కట్టుకున్నారనుకుంటాం. అది దులన్ ఎర్ర జోడా కూడా అయ్యుండొచ్చు.

మహబూబ్ అలీ పాషా 1894లో ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ అనే ఖితాబ్ ఇచ్చాడు. ఉర్దూ మీడియం బడిలో అస్మా-ఉల్-హుస్నా కంఠతా పట్టిన మాకు ఆ మాట బాగా తెలుసు. అల్-ముసవ్విర్, రూపాలిచ్చేవాడు. సూరా హష్ర్ చివరి ఆయత్‌లో వచ్చే అల్లాహ్ పేరు. అదే ఉర్దూలో మామూలు మాటగా వాడితే చిత్రకారుడు. ఒక ముసల్మాన్ బాద్షా ఒక జైన్ ఫోటోగ్రాఫర్‌కు ఈ ఖితాబ్ ఇచ్చాడు. మన షహర్ ఈ హునర్‌కు ఎంత ఇజ్జత్ ఇచ్చిందో చెప్పడానికి ఇంకేం కావాలి?

తస్వీర్ హలాలా హరామా అన్నది వేరే సవాల్. దాని మీద ఉలమాలలో ఇఖ్తిలాఫ్ ఉంది. ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ ఫోటో అంటే అద్దంలో పడ్డ నీడను ఆపి ఉంచడమే, జాయజ్ అని రాశాడు. మన ఉపఖండంలో పెద్ద పెద్ద ఉలమాలు దాన్ని ఒప్పుకోలేదు. నేను ఆలింను కాను, ఫత్వా ఇవ్వను. కానీ పాస్‌పోర్టు ఫోటో లేనిదే హజ్‌కు పోలేం. షాదీ ఆల్బం లేని ఇల్లు మన బంధువుల్లో నేను చూడలేదు. తీయించుకోవడం ఒప్పు, మన పిల్ల తీస్తే తప్పు అన్నప్పుడు మనం మాట్లాడుతున్నది దీన్ గురించేనా అని ఒకసారి దిల్ మీద చెయ్యి పెట్టుకుని అడగాలి.

ఇక అసలు విషయం. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో ఒక జనానా స్టూడియో తెరిచాడు. పర్దా పాటించే బేగంల కోసం. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపలికి మగవాళ్లు రారు. బాధ్యత అంతా మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆడమనిషిది. పొద్దంతా ఆమె ఫోటోలు తీస్తూ ఉంటే ఆమెకు సాయంగా పనిచేసింది ఇక్కడి ఆడవాళ్లు. ఆ కాలపు ఫోటోగ్రఫీ పత్రికలో ఈ కబురు అచ్చయింది.

ఇది చెప్పినప్పుడు ఆపా చేతిలో చాయ్ అట్లనే ఆగిపోయింది. “పర్దా ఉన్న కాలంలనే? మన బేగంలే?” అంది. అవును ఆపా, 130 ఏళ్ల కిందటే. పర్దా అడ్డం వస్తే దానికి తగ్గట్టు స్టూడియో కట్టుకున్నారు, తస్వీర్ మానుకోలేదు.

మిసెస్ కెన్నీ-లెవిక్ పేరు అచ్చులో మిగిలింది. పక్కన నిలబడి ప్లేట్లు అందించిన, దుపట్టాలు సర్దిన, కొత్త దులన్లకు భయం పోగొట్టిన మన ఆడవాళ్లు మాత్రం ఆ కబురులో ‘సహాయకులు’ అన్న ఒక్క మాటగానే ఉన్నారు. కెమెరా పక్కన మన ఆడవాళ్లకు చోటు అప్పుడే దొరికింది, పేరు దొరకలేదు. పంజాగుట్ట హోర్డింగుల కింద నడిచినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఇక రోజీ సంగతి. ఈ లైన్‌లో మొదటి రెండు మూడేళ్లు షాగిర్దీయే. లైట్ స్టాండ్లు మోయాలి, రిఫ్లెక్టర్ పట్టుకోవాలి, రాత్రి కూర్చుని ఫోటోలు ఏరాలి. తర్వాత సొంత పోర్ట్‌ఫోలియో, సొంత గిరాకీ. చదువుగా కావాలంటే మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది, ఫోటోగ్రఫీలో డిగ్రీ ఇస్తుంది. ఇంకో మాట మన పిల్లలకు ఎవరూ చెప్పరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఎవరైనా డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే, వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప. కాబట్టి పనికి ముందే కాగితం రాసుకోవాలి. ఫోటో ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు వాడతారు, పేరు వేస్తారా లేదా.

మా పిల్లకు ఇప్పటికే తెలిసిన హునర్ ఒకటుంది. కెమెరా మీటర్ దేన్ని చూసినా నడిమి బూడిద రంగు అనుకుంటుంది. నల్ల బుర్ఖా నిండుగా ఫ్రేములో ఉంటే వెలుగు పెంచేసి దాన్ని వెలిసిపోయిన బూడిద చేస్తుంది. తెల్ల షేర్వానీ నిండితే మసక చేస్తుంది. బుర్ఖాకు ఎక్స్‌పోజర్ తగ్గించాలి, షేర్వానీకి పెంచాలి, ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ముఖాలను చూసి లెక్క కట్టాలి. ఇది మన నికాహ్‌లలో నేర్చుకుంది. ఖడా దుపట్టా ఆరు గజాలు ఎలా పడితే అందమో బయటినుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ అడిగి తెలుసుకోవాలి, మా పిల్ల చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగింది.

దీనికంటే పెద్ద విషయం అమానత్. జనానా వైపు తీసిన ఫోటో ఎవరి ఫోన్‌లోకి పోతుందో అన్న భయం మన ప్రతి ఇంట్లో ఉంది. రెండేళ్లలో ఈ పిల్ల తీసిన ఒక్క తస్వీర్ కూడా అడగకుండా బయటికి పోలేదు. పని చూపించుకోవడానికి తన పేజీలో పెట్టుకుంటే గిరాకీ పెరుగుతుందని స్నేహితులు చెప్పినా పెట్టలేదు. మెహందీ చేతులు, జోడా జరీ, ఖాళీ మస్నద్, వీటి ఫోటోలే పెట్టింది. హీరోయిన్ అయినా, మోడల్ అయినా, కెమెరా ముందు కూర్చున్న మనిషి భరోసా మీదే ఈ పని నిలబడుతుంది. ఆ భరోసా నిలబెట్టడం ఈ పిల్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

దూల్హాభాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత షరతులు చెప్పాడు. మగ్రిబ్ తర్వాత షూటింగ్ ఉంటే నేనే వచ్చి తీసుకొస్త. నచ్చని బట్టల యాడ్‌కు పోనని ముందే చెప్పాలె. ఆరు నెలలు చూద్దాం. పిల్ల అన్నిటికీ హౌ అంది. స్టూడియో ఆయన రెండో షరతుకు కొంచెం ముఖం చిట్లించాడట, చివరికి సరే అన్నాడట. ఇప్పటికి నాలుగు నెలలయ్యాయి. బీఈడీ ఫారాలు ఇంకా అల్మారాలోనే ఉన్నాయి, ఆపా పారేయలేదు.

ఇది చదివే మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి పిల్ల ఉండొచ్చు. ఉంటే దాని హునర్ చూసి, మష్వరా చేసి మీరే నిర్ణయించుకోండి. పిల్ల లేకపోయినా షాదీలు తప్పవు కదా. వచ్చే షాదీలో జనానా వైపు కెమెరా పట్టుకొచ్చే అమ్మాయికి మర్దానా వైపు వాడికి ఇచ్చినంత ఇవ్వండి. దస్తర్‌ఖాన్ ఎత్తేసేలోపు ఆమె తిన్నదో లేదో అడగండి. ఆల్బం అచ్చుకు ఇచ్చేటప్పుడు వెనక అట్ట మీద ఆమె పేరు రాయించండి.