ఉత్తరాన కట్టిన బురుజు

చైనాలో గ్వాంగ్‌జౌ పాత నగరానికి ఉత్తరాన, యుయేష్యు కొండ మీద, జెన్‌హాయ్ అనే అయిదంతస్తుల బురుజు ఉంది. 1380లో మింగ్ సేనాని ఝు లియాంగ్‌జు కోటగోడను కొండ మీదికి పెంచినప్పుడు కట్టించాడు. 1929 నుంచి అందులో నగర చరిత్ర మ్యూజియం నడుస్తోంది.

మా విల్లియనూరుకూ దానికీ ఏం సంబంధం అంటారా? ఉంది. మా వీధిలో ఒకాయన ఇంటికి ఈశాన్యంలో మెట్లున్నాయి. కూతురి పెళ్ళి కుదరకపోవడానికి అవే కారణమని ఒక వాస్తు పండితుడు తేల్చాడు. మెట్లు కొట్టేసి నైరుతిలో కట్టాలట. "చైనావాళ్ళు ఆరొందల ఏళ్ళ కిందటే నమ్మారు" అంటూ ఈ బురుజు ఫొటో చూపించాడట. ఆ నేలలో రాజయోగం ఉందనీ, కొత్త రాజు పుట్టకుండా దాన్ని తొక్కిపెట్టడానికే బురుజు కట్టారనీ అక్కడ ఒక కథ ఉన్నమాట నిజమే.

"పెళ్ళికి దాచిందాంట్లో లక్షన్నర దీనికే పోతుందన్నా, అయినా తప్పదు" అన్నాడు నాతో.

సరే, ఆ కథనే పరీక్షిద్దాం. మన వాస్తు ఉత్తరం, ఈశాన్యం పల్లంగా ఉండాలంటుంది. ఫెంగ్ షుయ్ ఉత్తరాన కొండ అండగా ఉండాలంటుంది. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలి కదా! ఈ బురుజేమో ఉత్తరాన, అదీ కొండ నెత్తిన ఉంది. పండితుడి లెక్కన ఆ ఊరు ఎప్పుడో దివాలా తియ్యాలి. కానీ 1757 నుంచి 1842 దాకా చైనాతో యూరప్ ఓడల వ్యాపారం దాదాపు అంతా ఆ రేవులోనే జరిగింది.

పోనీ రాజయోగం అణిగిందా? తైపింగ్ తిరుగుబాటు నడిపి, తనను తానే రాజుగా ప్రకటించుకున్న హాంగ్ షియుచువాన్ పుట్టింది గ్వాంగ్‌జౌ పక్కనే. చక్రవర్తుల పాలనకే చరమగీతం పాడిన 1911 విప్లవ నాయకుడు సన్ యట్ సెన్‌దీ ఆ రాష్ట్రమే. ఆయన స్మారకం అదే కొండ మీద ఉంది. ఇదంతా చెబితే మావాడు "సన్ యట్ సెన్ రాజు కాలేదుగా, ప్రెసిడెంటేగా!" అన్నాడు. ఇదండీ చిక్కు. రాజు పుడితే యోగం బలమైనదంటారు, పుట్టకపోతే బురుజు మహిమంటారు. ఏం జరిగితే తాము తప్పని ఒప్పుకుంటారో మాత్రం ముందుగా చెప్పరు.

అన్నట్టు, ఆ మహిమగల బురుజు యుద్ధాల్లో పాడై ఎన్నోసార్లు మళ్ళీ కట్టుకున్నదే. 1928లో లోపలి కొయ్య దూలాలు తీసేసి కాంక్రీటు వేశారు.

చివరికి మావాడికి ఒక్క మాట చెప్పాను. మెట్లు మార్చాక ఎన్ని నెలల్లో పెళ్ళి కుదురుతుందో, కుదరకపోతే లక్షన్నర ఎవరిస్తారో పండితుణ్ణి కాగితం మీద రాసిమ్మను అని. అడిగాడట. కాగితం ఇంకా రాలేదు. మెట్లు ఇంకా ఈశాన్యంలోనే ఉన్నాయి.