దవాఖానా దాకా

మా ఖాన్‌దాన్ సఫర్ అంతా మూడు చోట్ల మధ్యే. మేముండేది ఏలూరులో. ఆపా అత్తారిల్లు తాడేపల్లిగూడెం, దుల్హాభాయ్ అక్కడ ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా. ఖాలా వాళ్లది కైకలూరు అవతల కొల్లేటి పల్లె, ఖాలూ చేపల చెరువు మీద కాపలా. గూడెం వెళ్లాలంటే ఫికర్ లేదు. దెందులూరు, భీమడోలు, పూళ్ల మీదుగా రైలుంది, రోడ్డుంది, దారి పొడుగునా మందుల షాపులున్నాయి. ఖాలా ఇంటికి వెళ్లాలంటేనే అమ్మీ ముందు రోజు నుంచీ దువాలు మొదలుపెడుతుంది. రెండు వైపులా చెరువులు, మధ్యలో గట్టు. వానలు గట్టిగా పడితే ఆ గట్టు కూడా అనుమానమే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి కొల్లేటికి దిగినప్పుడు లంక గ్రామాల వాళ్లు ఎన్ని తక్లీఫులు పడ్డారో మీకు తెలుసు.

ఈ తిరుగుళ్ల వల్లే నాకు ఒక చిన్న బ్యాగు వెంట పెట్టుకోవడం అలవాటైంది. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. అది కనబడితే చాలు, "ఆగయీ దవాఖానా" అని అబ్బా నవ్వుతారు. దవాఖానా కాదు అబ్బా, దవాఖానా దాకా అంటాను. దెబ్బ తగిలిన నిమిషానికీ డాక్టరు చెయ్యి పడే నిమిషానికీ మధ్య ఉండే ఆ కాస్త వక్త్ కోసమే ఈ బ్యాగు. ఇలాజ్ చేయడం దీని పని కాదు. జఖమ్‌ని ఇంకా పెంచకుండా, మనిషిని భద్రంగా డాక్టరు దాకా చేర్చడం దీని పని. ఈ తేడా మనసులో పెట్టుకుంటే అందులో ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో దానంతటదే తెలిసిపోతుంది.

మన ఇళ్లలో చాలామందికి ఫస్ట్ ఎయిడ్ అంటే ఒక ప్లాస్టిక్ కవరు. అందులో సగం కత్తిరించిన గోళీల పట్టీలు, ఎప్పటిదో దగ్గు మందు సీసా, మూత ఎండిపోయిన మర్హమ్, అబ్బా షుగర్ గోళీలు, అమ్మీ బీపీ గోళీలు, అన్నీ కలిపి. రోజూ వేసుకునే మందులు వేరే సంచిలో ఉండాలి. అవి మనిషితో పాటు వెళ్లాలి. ఈ బ్యాగు అందరిదీ. రెండూ కలిపేస్తే, ఖూన్ కారుతున్నప్పుడు గాజు గుడ్డ కోసం షుగర్ గోళీలన్నీ కింద పోసుకోవాల్సి వస్తుంది.

ఎలాంటి బ్యాగు కొనాలని అడిగితే నేను చెప్పేది ఇదే. జిప్ తీస్తే కితాబులాగా రెండు వైపులకీ పరుచుకోవాలి. అడుగున ఏముందో చెయ్యి పెట్టి వెతుక్కునే సంచి వద్దు. తడిసినా తుడిస్తే పోయే గుడ్డ కావాలి, దోనె ఎక్కే వాళ్లకి ఇది మరీ జరూరీ. భుజానికో నడుముకో తగిలించుకోవడానికి పట్టీ ఉండాలి, ఎందుకంటే అవసరమైనప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. పెద్దది కొంటే ఇంట్లోనే ఉండిపోతుంది. షేవింగ్ సామాను పెట్టుకునే సంచి దొరికినా సరిపోతుంది.

లోపల సర్దడంలో కంపెనీ బాక్సులకీ నా పద్ధతికీ తేడా ఉంది. వాళ్లు మందులు ఒక చోట, గుడ్డలు ఒక చోట పెడతారు. నేను ఏం జరిగిందన్న దాన్ని బట్టి సర్దుతాను. లోపల కనబడే జిప్ కవర్లు నాలుగు. ఒక్కో దాని మీద రంగు కాగితం, దాని మీద తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక్క మాట. అమ్మీకి ఉర్దూ తప్ప చదవడం రాదు. ఆటో భాయ్‌కి తెలుగు తప్ప రాదు. ఆ సమయంలో బ్యాగు ఎవరి చేతిలో ఉంటుందో ముందే చెప్పలేం కదా.

ఎర్ర కవరు ఖూన్. శుభ్రమైన గాజు ముక్కలు, రెండు చుట్టల గుడ్డ పట్టీలు, ఒక వెడల్పాటి క్రేప్ బ్యాండేజీ, అతికించే టేపు, చిన్న పట్టీలు, రెండు జతల గ్లవ్స్, మొన లేని కత్తెర. బక్రీద్ రోజున ప్రతి మొహల్లాలోనూ కనీసం ఒకరి వేలు తెగుతుంది. అప్పుడు పసుపు, కాఫీ పొడి తెచ్చేవాళ్లే ఎక్కువ. అవేవీ వద్దు. గాజు పెట్టి గట్టిగా నొక్కాలి, గడియారం చూసి పది నిమిషాలు. ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూడకూడదు. తడిసిపోతే దాని మీదే ఇంకొకటి పెట్టాలి. ఖూన్ ఆగాక చిన్న గాయమైతే మంచినీళ్లతో కడిగి పట్టీ వేసుకోవచ్చు. లోతుగా తెగితే కుట్ల కోసం, టెటనస్ సూది కోసం వెళ్లాల్సిందే. దూదిని నేరుగా గాయం మీద పెట్టొద్దు, పీచు అంటుకుని లోపలే ఉండిపోతుంది.

పసుపు కవరు జలన్. ఇందులో దాదాపు ఏమీ ఉండదు, ఒక శుభ్రమైన మెత్తటి గుడ్డ తప్ప. కాలిన చోటికి అసలు దవా నీళ్లు. వలీమాల దగ్గర దేగ్ దింపేటప్పుడు ఆవిరి కొట్టినా, పిల్లల మీద చాయ్ ఒలికినా, ఉంగరాలూ గాజులూ తీసేసి చల్లటి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు. ఐసు వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, సిరా వద్దు. తర్వాత గుడ్డ కప్పి తీసుకెళ్లడమే.

నీలం కవరు దస్త్, అంటే విరేచనాలు, వాంతులు. ఇందులో ఓఆర్‌ఎస్ పొడి పాకెట్లు నాలుగు. పాకెట్ మీద ఒక లీటరు అని ఉంటే మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి, గ్లాసుకి కాస్త కాస్త కాదు. కలిపింది ఒక్క రోజే వాడాలి. పండ్ల రసంలాగా డబ్బాలో అమ్మే తియ్యటి నీళ్లు ఓఆర్‌ఎస్ కావు. ఈ పేరు మోసం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని చెప్పింది. ఒక తల్లి సబర్‌కి దొరికిన ఇనామ్ అనుకుంటాను నేను దాన్ని.

తెల్ల కవరు దర్ద్, బుఖార్. పారాసిటమాల్ ఒక పట్టీ, దద్దుర్లకి మా డాక్టరు చెప్పిన గోళీ ఒక పట్టీ, థర్మామీటర్. అంతే. యాంటీబయాటిక్ ఒక్కటీ లేదు. పట్టీలను తేదీ తెగిపోయేలా కత్తిరించకూడదు. పిల్లలకి ఎంత మోతాదు అన్నది వాళ్ల డాక్టరు చేత రాయించి అదే కవర్లో పెట్టాను.

బయటి జేబులో గ్లూకోజ్ పొడి. షుగర్ ఉండి రోజా ఉండే పెద్దలున్న ఇళ్లు మనవి. అసర్ తర్వాత చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే ఇఫ్తార్ దాకా చూద్దాం అనుకోకూడదు. మీటర్లో 70 లోపు చూపిస్తే రోజా విరమించాలని డాక్టర్లు చెప్తారు, బీమార్‌కి దీన్‌లో కూడా రుఖ్సత్ ఉంది. తెలివి ఉంటేనే నోట్లో వేయాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ నంబరు ఇప్పుడు మన పిల్లలకి అలీఫ్, బేతో పాటు నేర్పాల్సిన చదువు.

అదే జేబులో టార్చి, పెన్ను, ఒక కాగితం. కాగితం మీద ఇంట్లో అందరి పేర్లు, వయసు, వాడే మందులు, ఏ మందు పడదో, ఎవరికి ఫోన్ చేయాలో.

ఇవన్నీ కొని సర్దడానికి ఒక సాయంత్రం చాలు. కష్టమైనదల్లా, చేతులకి ఏం చేయకూడదో నేర్పడం. 2020 డిసెంబరు మొదటి వారంలో మా ఏలూరులో జరిగింది గుర్తుందా? వన్‌టౌన్‌లో నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే పడిపోయారు, ఫిట్స్, నోట్లో నురగ. కొన్ని రోజుల్లోనే 600 మందికి పైగా. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు, పురుగుమందుల మీదా అనుమానం నడిచింది. ఆ రోజుల్లో ఎవరు పడిపోయినా జనం ముందు వెతికింది తాళాల గుత్తి. ఇనుము చేతిలో పెడితే ఫిట్స్ ఆగుతాయని మనలోనూ నమ్మకమే. ఆగవు. అవి చాలాసార్లు వాటంతటవే తగ్గుతాయి, పేరు తాళాలకి వస్తుంది. చేయాల్సింది వేరే. చుట్టూ గట్టి సామాను తీసేసి, తల కింద మెత్తటిది పెట్టి, కుదుపులు తగ్గగానే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, చేతులు అదిమి పట్టొద్దు. టైము చూడాలి. అయిదు నిమిషాలు దాటితే, లేదా మొదటిసారి వస్తే, వెంటనే దవాఖానా. దీనికి బ్యాగులో వస్తువు ఒక్కటీ అక్కర్లేదు.

ఇక కొల్లేటి మాట. నిరుడు వానాకాలం మేము ఖాలా ఇంట్లో ఉండగా రాత్రి పదకొండు దాటాక ఖాలూని పాము కరిచింది. చెరువు గట్టు మీద చేపల మేత బస్తాలు జరుపుతుంటే కాలి మడమ పక్కన. టార్చి వెలుగులో చూసినవాళ్లు రక్తపింజర అన్నారు. ఇంటికి మోసుకొచ్చేసరికి కాలు వాయడం మొదలైంది. పది మంది చేరారు. ఒకాయన తువ్వాలు తెచ్చి మోకాలి కింద బిగించి కడదామన్నాడు. ఇంకొకాయన బ్లేడు అడిగాడు. ఇంకొకరు పక్క లంకలో మంత్రం వేసే ఆయన ఉన్నాడు, దోనె కట్టనా అన్నారు. ఎవరిదీ చెడు నీయత్ కాదు. అందరూ ఖాలూ బతకాలనే అడుగుతున్నారు. ఖాలా ఏడుస్తూ అందరికీ సరే అంటోంది.

అమ్మీ వెళ్లి ఖాలూ కాలు తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఎవరూ ముట్టుకోకండి" అంది. మంత్రం సంగతి మళ్లీ ఎవరో ఎత్తితే, "దువా బండిలో కూడా చదవొచ్చు. మై పఢ్తూఁ. మీరు బండి చూడండి" అంది. ఆ ఒక్క మాటతో గదిలో గొడవ ఆగిపోయింది.

కడితే రక్తం ఆగి కాలే పోతుంది, కోస్తే ఖూన్ ఆగదు, ఎందుకంటే రక్తపింజర విషం ఖూన్ గడ్డకట్టకుండా చేస్తుంది. అందుకే కాలికి చెక్క ఆనించి, క్రేప్ బ్యాండేజీతో వదులుగా, వేలు దూరేంత ఖాళీతో, కదలకుండా మాత్రమే చుట్టాను. పైన నా దుపట్టా. కాలి వేలికున్న వెండి చుట్టు తీసేశాను. పెన్నుతో వాపు ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసి పక్కన టైము రాశాను. ఖాలూని నడవనివ్వలేదు, నులక మంచం మీదే గట్టు దాటించారు. రోడ్డు మీదికి 108 వచ్చింది. దారిలో ఇంకో రెండు గీతలు గీశాను. అమ్మీ ఆయతుల్ కుర్సీ చదువుతూనే ఉంది.

ఏలూరులో డ్యూటీ డాక్టరు మొదట అడిగింది, ఎన్నింటికి కరిచింది, వాపు ఎంత వేగంగా పెరిగింది అని. మేము జవాబు చెప్పేలోపే ఆయన కాలి మీది గీతలు చదువుకున్నారు. విరుగుడు సూది ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ రాత్రి, మర్నాడు ఖాలా మాతో ఏమీ మాట్లాడలేదు, తస్బీహ్ తిప్పుతూ వార్డు గుమ్మంలో కూర్చుంది. అయిదో రోజున ఖాలూ ఇంటికొచ్చారు, అల్హమ్‌దులిల్లాహ్. బ్యాగు మొత్తంలో ఆ రాత్రి వాడింది ఒక బ్యాండేజీ, టార్చి, పెన్ను. గోళీ ఒక్కటి కూడా కాదు.

ఇది మనకి కొత్త ఇల్మ్ కాదు. రుఫైదా అల్ అస్లమియా (రజి) పేరు మన ఆడపిల్లలకి చెప్పండి. ఖందఖ్‌లో గాయపడ్డ సాద్ బిన్ ముఆజ్ (రజి)ని మస్జిదె నబవీలో ఆమె ఖేమాలోనే ఉంచి చూసుకున్నారని సీరత్‌లో వస్తుంది. జఖ్మీల ఖిద్మత్ చేయడానికి ఆమె సామాను ముందే సర్దుకుని ఉండబట్టే కదా.

హిఫాజత్ సంగతి ఒక మాట. సంవత్సరానికి రెండుసార్లు, షబె బరాత్‌కి ముందు ఒకసారి, బక్రీద్‌కి ముందు ఒకసారి, బ్యాగు చాపమీద పరిచి తేదీలు చూస్తాం. పిల్లలే చదువుతారు, అలా వాళ్లకి ఏది ఎక్కడుందో తెలుస్తుంది. గోళీల కవరు మాత్రం చిన్నవాళ్ల చేతికి ఇవ్వం. ఎండలో నిలిపిన కారులో బ్యాగు వదలం. వాడినది అదే వారంలో మళ్లీ కొని పెడతాం.

ఖాలూ కోసం ఇంకో బ్యాగు సర్దాం. అది వేరే. గోళీలు తక్కువ, క్రేప్ బ్యాండేజీలు రెండు, టార్చి పెద్దది. చెరువులో ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి ముంచాలని, కరెంటు షాక్ కొడితే ముందు మెయిన్ ఆపాకే మనిషిని ముట్టుకోవాలని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించాం. దాంతో పాటు మోకాలి దాకా వచ్చే బూట్లు, ఒక దోమతెర. కట్లపాము రాత్రిళ్లు నేలమీద పడుకున్నవాళ్లనే కరుస్తుంది, నొప్పి కూడా తెలియదు. తెర అంచులు పరుపు కింద దోపుకుంటే అదే పెద్ద హిఫాజత్.

ఆ బ్యాగు ఇప్పుడు చెరువు మీద మకాంలో మేకుకి వేలాడుతోంది. పక్క చెరువుల కాపలా వాళ్లకీ అది ఎక్కడుందో తెలుసు. మొన్న తువ్వాలు తెచ్చిన ఆయనే వచ్చి, ఆ పెన్ను ఎందుకమ్మా అని అడిగి, ఓపిగ్గా నేర్చుకుని వెళ్లాడు.