తోకకు కూడా డబ్బిచ్చిన రాజు

రండి, పీట లాక్కుని కూర్చోండి. మా బొమ్మల ఊరు ఏటికొప్పాక వచ్చి గుర్రం బొమ్మ చేతిలోకి తీసుకుని ధర అడిగినవాళ్లు ఒక్కక్షణం మొహం ముడుచుకుంటారు, "చెక్క గుర్రానికి ఇంతా?" అని. మరి నిజం గుర్రానికి మన రాజులు ఏం పోశారో వింటారా?

సాళువ నరసింహరాయలు పదిహేనో శతాబ్దం చివర్లో విజయనగరం ఏలాడు. ఒకపక్క గజపతులు, ఇంకోపక్క బహమనీలు. గుర్రం లేనిదే సైన్యం లేదు, మన నేల మీద పుట్టిన తట్టువలేమో యుద్ధానికి ఆనవు. అందుకని హర్ముజ్ నుంచీ ఏడెన్ నుంచీ ఓడల్లో రప్పించేవాడు. వెయ్యి వరహాలకు మూడు చొప్పున, బతికున్నా సరే చచ్చినా సరే. నడిసముద్రంలో చచ్చినదాని తోక తెచ్చి చూపిస్తే చాలు, సొమ్ము లెక్కపెట్టి ఇచ్చేవాడట! ఇది రాసిపెట్టింది నూనిజ్ అనే పోర్చుగీసువాడు. అతను వచ్చింది తర్వాతి తరంలో, పైగా తనూ గుర్రాల బేహారే. కాబట్టి కాస్త తగ్గించుకునే వినండి. కానీ అలాంటి బేరం వింతేమీ కాదు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే పాండ్య రాజులు కూడా దారిలో చచ్చిన గుర్రానికి ధర కట్టేవారని పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ రాశాడు. గుర్రం ఒక్కింటికి 220 బంగారు దీనారాలు.

ఆ పాండ్య దేశం గురించే మార్కో పోలో ఇంకో ముక్క చెప్పాడు. ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటారు, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవు. కారణం? నాడాలు కొట్టేవాడూ వైద్యం తెలిసినవాడూ లేకపోవడం. మేపడం కూడా రాక మాంసం, అన్నం కలిపి వండిపెట్టేవారట. అమ్మే వ్యాపారులు ఆ విద్య తెలిసినవాళ్లను మాత్రం ఓడ ఎక్కనిచ్చేవారు కారు. గుర్రం బతికితే మళ్లీ ఎవరు కొంటారు? నా దృష్టిలో బేరం మొత్తానికీ అసలు మోసం అక్కడే ఉంది.

కృష్ణదేవరాయలు తెలివిగలవాడు. ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, ఏనుగుల్నీ గుర్రాల్నీ తెచ్చే పరదేశి వర్తకులకు ఊళ్లో ఇళ్లిచ్చి, మంచి ధరిచ్చి దగ్గర చేసుకోమన్నాడు. లేకపోతే ఆ గుర్రాలు శత్రువుల పాలవుతాయి. 1510లో గుర్రాలు దిగే రేవు గోవా పోర్చుగీసుల చేతికి పోయాక ఈ అవసరం మరీ ఎక్కువైంది.

ఇక మా చెక్క గుర్రం సంగతి చూడండి. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో దాన్ని అంకుడు కర్రతో చేస్తారు. లేత్ మీద కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి ఒళ్లంతా పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు తేలుతుంది. పసుపూ నీలిమందూ కలిస్తే ఆకుపచ్చ. రసాయన రంగులు వచ్చి ఈ పాత విద్య మూలపడితే, చింతలపాటి వెంకటపతిరాజు గారు మొక్కల రంగుల్ని మళ్లీ వెతికి తీశారు. తన దగ్గరే దాచుకోకుండా తోటి కళాకారులకూ నేర్పారు. ఆ ఓడల వ్యాపారులు చెయ్యనిది ఇదే. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అంటారు. మా చెక్క గుర్రానికి ఆ ఖర్చు కూడా లేదు. ఈసారి హైవే మీద వెళ్తుంటే అడ్డరోడ్డు దగ్గర లోపలికి తిరగండి, ఇంట్లో పిల్లలకో గుర్రం పట్టుకెళ్లండి. మాసిపోతే పొడిగుడ్డతో తుడవండి. నీళ్లలో మాత్రం నానబెట్టకండి.