సాలీడు గారూ, మీ ముద్దుపేరేమిటి?

సినిమావాళ్ళ ముద్దుపేర్లంటే మన పాఠకులకి మహా సరదా. అల్లు అర్జున్‌ని ‘బన్నీ’ అంటారని రోడ్డు మీద గోళీలాడే పిల్లాడు కూడా చెప్తాడు. నాని సంగతి సరేసరి. ఘంటా నవీన్‌బాబు ఎవరని అడిగి చూడండి, సగంమంది తెల్లమొహం వేస్తారు. ముద్దుపేరు అసలు పేరుని మింగి కూచుంది! 2013లో వచ్చిన ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’లో వెంకటేష్‌కీ మహేష్‌బాబుకీ పేర్లే లేవు. పెద్దోడు, చిన్నోడు, అంతే. ఇక 2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’లో ఏకంగా కారుకే ‘బుజ్జి’ అని పేరు పెట్టేశారు.

కారుకే ఉన్నప్పుడు నాకుండదా ఏమిటి? ఉంది. కాని దాని అర్థమేమిటో స్నేహితుడికి చెప్పడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. ఆ కథలో ఓ సాలెపురుగు కూడా ఉంది. నవ్వకండి.

2008లో నేను తార్నాకలో ఓ ప్రైవేటు కాలేజీలో బి.ఏ. చదివేవాణ్ణి. మకాం మాత్రం ఉస్మానియా క్యాంపస్‌లో. ఏ హాస్టలని అడక్కండి. ఎమ్మెస్సీ జువాలజీ చదివే ఓ అన్న గదిలో నేను ‘నాన్‌బోర్డర్’ని. ఆ చెట్ల కింద తిరిగినవాళ్ళకి నాన్‌బోర్డరంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తక్కినవాళ్ళ కోసం చెప్తాను: గది వాళ్ళది, మంచం వాళ్ళది, కింద చాప మనది. మెస్సులో కంచం మాత్రం ఇద్దరిదీ.

ఓ వానాకాలం రాత్రి స్నానం చేసొచ్చి, మేకుకి తగిలించిన చొక్కా తీశాను. చొక్కా వెనకాల, గోడకి అతుక్కుని, అరచెయ్యంత సాలెపురుగు! ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. చూసినవాళ్ళు చెప్పినదాన్ని బట్టి, తువ్వాలుతోనే వరండా ఆ చివరిదాకా పరిగెత్తానట. నా కేకకి నాలుగు గదులవాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చారు. క్యాంపస్‌లో పాములకేం కొదవలేదు మరి.

“ఏడుందిరా పాము?”

“పాము కాదు...”

“మరేంది?”

“సాలె... సాలెపురుగు.”

ఆ నవ్వు ఆర్ట్స్ కాలేజీ మెట్లదాకా వినపడి ఉంటుంది. 1939లో ఆ రాతిభవనం ప్రారంభమైన దగ్గర్నించి అక్కడ ఎన్నో నినాదాలు మోగాయి గాని, ఓ సాలెపురుగు కోసం అంత గోల ఎప్పుడూ జరిగి ఉండదు.

అన్న మాత్రం నవ్వలేదు. గ్లాసు తెచ్చి దాని మీద బోర్లించి, అడుగున పరీక్ష అట్ట దూర్చి, లైటు కింద పెట్టాడు. “గిది కరవదురా. నిన్ను జూసి అదే ఎక్కువ భయపడ్డది. బొద్దింకల్ని తింటది, మనకు పుణ్యం. రూములనే ఉండనీ,” అన్నాడు. అని ఊరుకుంటే బాగుండేది! “దీనికో పేరు పెడదాం. పేరు పెడితే భయం పోతది,” అన్నాడు. ఆ రాత్రే నామకరణం జరిగింది: సూర్యకాంతం.

పేరు ఎంత ఆలోచించి పెట్టాడో చూడండి. ‘గుండమ్మ కథ’ వచ్చింది 1962లో. ఆ గయ్యాళి అత్త వేషాల దెబ్బకి ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడానికే తెలుగువాళ్ళు జంకారని చెప్పుకుంటారు. నిజానికి ఆవిడ ఇంటి దగ్గర్నించి క్యారియర్లు తెచ్చి సెట్లో అందరికీ కొసరి కొసరి వడ్డించే మనిషి. ఎవరికీ కీడు చెయ్యకుండానే ఊరందర్నీ హడలగొట్టిన పేరు అది. సాలెపురుగుకి అంతకంటే నప్పే పేరు ఇంకేం దొరుకుతుంది?

మర్నాటినించి గదిలో అదే వరస. “సూర్యకాంతం వచ్చిందా?” “ఇంకా రాలే, ట్యూబులైటు ఎనకున్నది.” ఓ నెల తర్వాత దాని పొట్టకింద బిళ్ళలాంటి తెల్లని సంచీ కనపడింది. గుడ్ల సంచీ అట. పిల్లలు బయటికొచ్చేదాకా అది మోసుకునే తిరుగుతుందట. ఆ సంచీని చూశాక మొదటిసారి దాని మీద నాకు భయం కాక ఇంకేదో కలిగింది. జాలి అనను, ఆరాటం అనొచ్చేమో. అలాగని భయం పోయిందా అంటే, లేదు. చాప మాత్రం ఆ గోడకి దూరంగా లాక్కున్నాను.

ఈ భయం ఎక్కడిది? అన్న అప్పట్లో చెప్పినవీ, తర్వాత నేను చదువుకున్నవీ కలిపి చెప్తాను. లోకంలో పేరు పెట్టి నమోదు చేసిన సాలీళ్ళ రకాలు 50,000 దాటాయి. మనిషికి నిజంగా హాని చెయ్యగలిగినవి వాటిలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మరైతే మోటారు సైకిలుకి భయపడని మనిషి దీన్ని చూసి ఎందుకు బల్లెక్కుతాడు? పాములూ పురుగుల భయం మనలో ముందే సిద్ధంగా ఉంటుందనీ, ఓ చిన్న సంఘటన చాలు అంటుకోవడానికనీ మార్టిన్ సెలిగ్మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1971లో వాదించాడు. తర్వాత బ్రిటన్‌లో గ్రాహం డేవీ మరో మాటన్నాడు: అది కరుస్తుందన్న భయం కంటే అసహ్యం పాలే ఎక్కువట. 2017లో జర్మనీ, స్వీడన్ పరిశోధకులు కలిసి ఆరునెలల పసివాళ్ళకి బొమ్మలు చూపించారు. పూలూ చేపలూ చూసినప్పటికంటే సాలీడునీ పామునీ చూసినప్పుడు వాళ్ళ కంటిపాపలు పెద్దవయ్యాయి. ఆరునెలల పిల్లకి సాలీడు సంగతి ఎవరు చెప్తారండీ? అయితే పిల్లలు ఏడవలేదు. ఉలిక్కిపడటం వరకే పుట్టుకతో వచ్చేది కాబోలు, కర్రలు పట్టుకుని పరిగెత్తడం పెద్దయ్యాక నేర్చుకునే విద్య.

మన పరిశ్రమ సాలీడుని రెండు రకాలుగానూ వాడుకుంది. హాలీవుడ్డు 1990లో ‘అరాక్నోఫోబియా’ తీసి జనాన్ని కుర్చీల్లోంచి లేపింది. 2002లో ‘స్పైడర్‌మ్యాన్’ తీసి అదే సాలీడుని పిల్లల చొక్కాల మీదికి ఎక్కించింది. మహేష్‌బాబు 2017లో ‘స్పైడర్’ అని పేరు పెట్టుకున్నాడు. రాజమౌళి 2012లో తీసిన ‘ఈగ’లో అంతటి సుదీప్ ఓ ఈగని చూసి వణుకుతుంటే హాలంతా పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. అతని బాధ నాకు తెలుసు.

సరే, నా ముద్దుపేరు దగ్గరికొస్తాను.

మా నాయనమ్మ వారానికోసారి ఫోను చేసేది. ఆవిడకి చెవుడు, అందుకని అవతలివాళ్ళకీ చెవుడే అనుకుని అరిచేది. ఓసారి నేను బయటికెళ్ళినప్పుడు గదిలో ఎవరో ఫోనెత్తారు. “కండెగా! తిన్నవారా బిడ్డా?” అన్న కేక గదంతా వినపడింది. నేను తిరిగొచ్చేసరికి దర్బారు సిద్ధంగా ఉంది. “కండగాడా? నీకా?” అప్పుడు నేను నలభై అయిదు కిలోలు. కండ అనేది నా ఒంట్లో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. సాయంత్రానికల్లా నేను ‘కండలవీరుడు’. టీ కొట్టు దగ్గర కూడా అదే పిలుపు.

నాయనమ్మ అన్నది కండ కాదు, కండె. నేసేవాళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళకి తెలుస్తుంది. నాడెలో పెట్టే చిన్న పుల్లకి నూలు చుడతారు, అదే కండె. మాది పోచంపల్లి దగ్గర ఓ ఊరు. పాకే వయసులో నేను మగ్గం గుంట చుట్టూ దొర్లుతూ, కాళ్ళకీ చేతులకీ నూలు చుట్టుకుని ఏడ్చేవాణ్ణట. అందుకని కండెగాడు. ఇంతకంటే పిచ్చిపేరు ఉంటుందా? ఇంతకంటే నా ఒక్కడికే చెల్లేది మాత్రం లేదు.

తప్పు దిద్దొచ్చు కదా? దిద్దలేదు. అప్పటికి మూడువారాల కిందట ఓ ముచ్చట జరిగింది. మా ఊరి పక్క ఊరివాడొకడు సూర్యకాంతాన్ని చూడ్డానికొచ్చి, పదిమంది ముందూ, “వీళ్ళది సాలోళ్ళ ఇల్లురా. సాలెపురుగంటే వీనికి సుట్టం గదా, భయమేందిరా?” అన్నాడు. వాడికి కుళ్ళేం లేదు, నవ్వించాలనే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, “మా నాయనది చీరల బిజినెస్” అన్నాను. పూర్తిగా అబద్ధం కూడా కాదు. నాయన అప్పటికే మగ్గం అమ్మేసి ఉప్పల్లో ఓ చీరల కొట్లో పనికి కుదిరాడు. పొద్దస్తమానం ఎవరో నేసిన చీరలు విప్పి చూపించడం, మళ్ళీ మడత పెట్టడం. కండె అంటే ఏమిటో చెప్తే మగ్గం సంగతి చెప్పాలి, మగ్గం చెప్తే నాయన సంగతి చెప్పాలి. దానికన్నా కండలవీరుడే నయమనిపించింది.

ఆ రోజుల్లోనే మరో మాట పడింది. సూర్యకాంతం గూడు కట్టదేం అని అన్ననడిగాను. “ఇది గూడు కట్టే రకం కాదురా, ఉరికి పట్టుకునేది. మగ్గం లేని సాలె అనుకో,” అన్నాడు. మామూలుగానే అన్నాడు పాపం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2009 చివర్లో క్యాంపస్ అంతా మన యాస, మన బతుకు అంటూ హోరెత్తిపోయింది. నేనూ గొంతు చించుకున్నవాణ్ణే. మన బతుకంటూ అరుస్తూ నా బతుకు సంగతి మాత్రం దాచుకున్నాను.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఈ పురుగుకి మనవాళ్ళు పేరెలా పెట్టారో చూడండి. సాలె అంటే నేసేవాడు. సంస్కృతంలో ఊర్ణనాభం, అంటే బొడ్డులో ఉన్ని ఉన్నది. గ్రీకులు అరాక్నీ అనే నేతపిల్ల కథ చెప్పుకున్నారు; దేవతతో పోటీపడి నేసినందుకు సాలీడయిపోయిందట. ఎక్కడికెళ్ళినా అంతే, దీనికి పేరు పెట్టిన మనిషికి ముందు దాని కాళ్ళు కనపళ్ళేదు, పని కనపడింది. శ్రీకాళహస్తిలో అయితే ‘శ్రీ’ అంటేనే సాలెపురుగు. శివుడికి దారాలతో గుడి కట్టింది. దీపం దాన్ని కాల్చేస్తే ఆ మంటనే మింగబోయింది. ఏనుగు పేరు చివర, పాము పేరు మధ్యన, సాలీడు పేరు అన్నిటికంటే ముందు!

ఇంకొకటుంది. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఓ నీలిరంగు సాలీడుని పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1899లో లోకానికి పరిచయం చేశాడు. మళ్ళీ నూరేళ్ళకి పైగా ఎవరికీ కనపళ్ళేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. నెమలికంఠం రంగు. విదేశాల్లో దాన్ని ‘గుత్తి నీలం’ అని ముద్దుగా పిలుచుకుంటూ గాజుపెట్టెల్లో పెంచుకుంటున్నారు. ఇక్కడి అడవిలో మాత్రం అది అంతరించిపోయే అంచున ఉంది. పేరు వల్ల అన్నిసార్లూ మేలే జరుగుతుందనుకోకండి.

నాయనమ్మ 2016లో పోయింది. దాంతో ఆ పిలుపూ పోయింది. నాయన బాబూ అంటాడు, అమ్మ అసలు పేరే పెట్టి పిలుస్తుంది.

2019 జూన్‌లో ‘మల్లేశం’ విడుదలయింది. రాజ్ రాచకొండ తీసిన సినిమా. రాయమని ఓ పత్రికవాళ్ళు చెబితే వెళ్ళాను, పక్కన అన్నని కూచోబెట్టుకుని. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి బాధ చూడలేక ఆసు యంత్రం కనిపెట్టిన కథ అది. 1999లో యంత్రం పనిచేసింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ప్రియదర్శి మల్లేశం, ఝాన్సీ తల్లి. ఆసు పొయ్యడమంటే ఏమిటో మా ఇళ్ళలో అందరికీ తెలుసు. అర్ధచంద్రాకారంలో మేకులుంటాయి. ఇవతలి మేకు నించి అవతలి మేకుదాకా నూలు లాగుతూ, తెస్తూ, మళ్ళీ లాగుతూ... ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. తెరమీద ఆ ఆసు కనపడగానే నేను ముందుకి వంగాను. మధ్యన ఓ చుక్క, దాన్నించి విచ్చుకున్న దారాలు. అది సగం సాలెగూడు! పుట్టినప్పటినించీ చూస్తున్నాను, ఒక్కసారైనా తట్టలేదు. దాని ముందు కూచున్నది ఝాన్సీ కాదు నాకు, మా నాయనమ్మే. పొద్దుగూకాక కుడిభుజానికి ఆవాలనూనె రాయమని నన్నే పిలిచేది. “కండెగా, జర గట్టిగ రుద్దు.”

ఇంటర్వెల్లో అన్న నా మొహం చూసి కంగారు పడ్డాడు. “ఏమైందిరా?”

“అన్నా, కండ కాదన్నా. కండె.”

అక్కడే, సమోసాల కౌంటరు పక్కన నిలబడి, అంతా చెప్పాను. మగ్గం అమ్మిన రోజు నాయన అన్నం తినకపోవడం కూడా. అన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “పదకొండేండ్లు నిన్ను తప్పు పేరుతోని పిలిచిన గదరా,” అన్నాడు. అప్పటికే సినిమా మొదలైపోయింది. సమీక్ష రాసిచ్చాను గాని అందులో నా సంగతి ఒక్క ముక్క లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నేనిప్పుడు తార్నాకలోనే ఓ పాత డాబా ఇంటి పై వాటాలో అద్దెకుంటున్నాను. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ, రెండూ కలిసి తార్నాక అయిందంటారు పెద్దవాళ్ళు. తీగల చౌకీలో కాపరం పెట్టాక సాలెపురుగులున్నాయని ఏడిస్తే ఎలా? 2017లో మెట్రో వచ్చాక వీధి మారింది గాని, నా వంటింటి మూలలు మాత్రం మారలేదు.

కిందటి దసరా సెలవుల్లో చెల్లెలూ దాని కూతురూ వచ్చారు. పిల్లకి నాలుగేళ్ళు. వంటింట్లోంచి కేకేసింది. భయపడి కాదు, సంబరంగా. “మామా! ఇగో జూడు, ఎంత పెద్దగున్నదో!” గుమ్మం దగ్గరే ఆగిపోయాను. గ్యాసు బండ పైన గోడమీద, అచ్చం మన సూర్యకాంతమే. పిల్ల ముక్కు దానికి జానెడు దూరంలో ఉంది.

“మామా, దీని పేరేంది?”

చెప్పడానికి ఓ క్షణం పట్టింది.

“కండె.”

“కండే! ఓ కండే! తిన్నవా?” అని పలకరించింది పిల్ల.

నేను మాత్రం ఆ రాత్రి వంటింట్లోకి వెళ్ళలేదు. దాహమేస్తే మంచినీళ్ళు ఆ పిల్లే తెచ్చిచ్చింది.